తెప్పిస్తం, కూసోండ్రి

అది ఆషాఢంలో రెండో సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అమీర్‌పేటలో మెట్రో స్టేషనుకు మెట్లు కట్టేశారు గాని ఇంకా ఎవరినీ రైలెక్కనివ్వని సంవత్సరం. నేను మా బట్టల దుకాణం సెల్లార్‌లో దుప్పట్లు లెక్కపెడుతున్నాను. డెబ్భై నాలుగు దగ్గర ఉండగా, యజమానులైన ముగ్గురన్నదమ్ముల్లో పెద్దాయన గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. నేను చేరిన ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన సెల్లార్‌లోకి రావడం అది ఐదోసారి. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. చివరి మెట్టు మీదే కూర్చుండిపోయి, మొత్తం సరుకు లెక్క కావాలని, శ్రావణం మొదటి శుక్రవారానికి సిద్ధంగా ఉండాలని చెప్పారు.

“తమ్మునికి నేనే చెప్త. నువ్వేం చెప్పకు టీచరమ్మా,” అన్నారు.

ఏంటి సంగతి అని నేను అడగలేదు. అడగక్కర్లేదు. నడుస్తున్న దుకాణంలో మొత్తం సరుకు ఏడాదికి ఒకసారే లెక్కపెడతారు, అది ఉగాదికి ముందు. ఆషాఢంలో అడిగారంటే కొట్టు చేతులు మారుతోందని అర్థం. పుస్తకంలో డెబ్భై నాలుగు అని రాసి, పక్కన టైము వేసుకున్నాను.

మొన్న బుధవారం పొద్దున ఏడూ పదికి నాకు ఫోను వచ్చింది. మొదటి అంతస్తులో ఇరవై రెండేళ్లు చీరలు చూపిన సేల్స్‌మన్ చేశాడు. “నడిపన్న పోయిండు టీచరమ్మా. పొద్దుగాల ఐదుంబావుకి,” అన్నాడు. నేను అడుగుతానని తెలుసు గనక టైము ముందే చెప్పాడు. యూసుఫ్‌గూడలో నా గది పైన అటక మీద డైరీలున్నాయి. పక్క గది అమ్మాయి చేత ఆ సంవత్సరం డైరీ దింపించుకున్నాను. ఇక్కడ రాస్తున్నవన్నీ ఆ డైరీల్లో ఉన్నవే. లేనివి రాయడం లేదు.

ముగ్గురన్నదమ్ముల్లో ఆయన రెండోవారు. నడిపి అంటే నడిమివాడని. దుకాణంలో అందరూ నడిపన్న అనేవాళ్లు. మాది అటు గోదావరి వైపు గనక నేను నోరు తిరక్క బాబుగారూ అనేదాన్ని. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఆయన నన్ను టీచరమ్మా అనేవారు. వాళ్ల దగ్గర సరుకు లెక్కలు రాయడానికి చేరకముందు నేను పన్నెండేళ్లు ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలు చెప్పాను.

వాళ్ల నాయన నేతపని చేసే ఊరినుంచి భుజాన చీరల మూటతో వచ్చి పంజాగుట్ట, అమీర్‌పేట ఇళ్ల గడపల్లో అమ్మిన మనిషి. తర్వాత ఒక షట్టరు. ఆ తర్వాత మూడంతస్తులు. కింద ప్యాంటు షర్టు గుడ్డలు, దుప్పట్లు, తువాళ్లు, అది పెద్దాయనది. మొదటి అంతస్తు చీరలు, అది నడిపన్నది. రెండో అంతస్తులో రెడీమేడ్లు, బడి యూనిఫారాలు, సంచులు, గొడుగులు, సూట్‌కేసులు, అది చిన్నాయనది. సెల్లార్‌లో నేనూ, మిగిలిన సరుకూ. గుండుసూది నుంచి పట్టుచీర దాకా ఒకే కప్పు కింద దొరికే దుకాణం ఆ రోడ్డులో మొదట మాదే. లిఫ్టు పెట్టిద్దామని మూడుసార్లు అనుకున్నారు, ఒక్కసారీ జరగలేదు.

ఆ ముసలాయన పెట్టిన నియమం ఒకటుంది. దుకాణానికి అప్పట్లో రోడ్డు మీద నుంచి మూడు మెట్లుండేవి. “మెట్లెక్కి అచ్చినోళ్లు లేదన్న మాట ఇని దిగొద్దు,” అనేవారట. పెద్దాయన ఆ మాటను బోర్డు మీద రాయించి గల్లా వెనక పెట్టారు. చిన్నాయన నవ్వి ఊరుకున్నారు. నడిపన్న దాన్ని ఒంటికి పట్టించుకున్నారు.

ఆయన మొహం గుర్తు తెచ్చుకోవాలంటే నాకు ముందు అరచెయ్యి గుర్తొస్తుంది. తెల్ల గుడ్డ పరిచిన పరుపు మీద మోకాళ్లు మడిచి కూర్చునేవారు. వచ్చినావిడ మొహం చూసేవారు కాదు, కట్టుకున్న చీర చూసేవారు. చూసి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి బీరువాలోంచి మూడు చీరలు తీసేవారు. నాలుగోది తియ్యాల్సి వస్తే ఆ రోజంతా చిన్నబుచ్చుకునేవారు. అడిగింది దుకాణంలో లేకపోతే మాత్రం మొహం వెలిగేది. “తెప్పిస్తం, కూసోండ్రి,” అనేవారు. మంచినీళ్లు వచ్చేవి. వెనక మెట్ల మీంచి ఒక సేల్స్‌మన్ పరుగెత్తేవాడు. పక్క సందులో దుకాణానికో, బేగంపేటకో, ఒక్కోసారి లక్డీకాపూల్ దాకానో. తెచ్చిన చీరను సెల్లార్ దారిలో పైకి పంపేవాళ్లం, మా గోడౌనులోంచి వచ్చినట్టు. అలా తెప్పించినవాటికి నేను వేరే నోటుబుక్కు పెట్టాను. నేను చేరిన మొదటి ఏడాది మూడు వందల పన్నెండు. “ఇన్నిసార్లు పక్కకొట్టు సరుకు మనం అమ్మితే మన కొట్టు ఎందుకండీ?” అని అడిగాను. ఆయన ఆలోచించి, “కూసోనీకి,” అన్నారు.

ఎదుటివాళ్లను కాదనాల్సి వస్తే ఆయన చేసే పని ఒకటే. పరుపు మీది తెల్లగుడ్డను అరచేత్తో సాపు చేసేవారు. లేని ముడతను ఉన్నట్టు, ఒక అంచు నుంచి మరో అంచుకి, మెల్లగా. దుకాణంలో అందరికీ ఆ సంగతి తెలుసు. సెలవడిగిన సేల్స్‌మన్ ఆ చెయ్యి కదలగానే లేచి వెళ్లిపోయేవాడు. అరువు అడగడానికి వచ్చిన చుట్టాలకు తెలియదు గనక కూర్చునేవాళ్లు. అప్పుడు పెద్దాయన కింద నుంచి కేకేసేవారు. “వాన్ని అడుగుతరేంది, నన్నడుగుండ్రి. కుదరది.” జీవితమంతా తమ్ముడి బదులు కాదనే పని పెద్దాయనే చేశారు. వ్యాపారులకు, చుట్టాలకు, చందాలకు వచ్చినవాళ్లకు, చివరికి తమ్ముడి మామగారికి కూడా.

ఒకసారి పంజాగుట్ట నుంచి ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. చెల్లెలి పెళ్లి పది రోజుల్లో ఉంది. మా దగ్గర కొన్న పెళ్లిచీర కొంగు మీద ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయారు. అరచెయ్యంత మేర కాలింది. అలాంటిది ఇంకొకటి ఉందా అని అడిగింది. అది ఒక్కటే నేసిన చీర. నేను పక్కనే ఉన్నాను, లేదని చెప్పమని కళ్లతో సైగ చేశాను. ఆయన తెప్పిస్తం అన్నారు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకి నేతగాడి ఊరు వెళ్లారు. మగ్గం మీద వేరే చీర నడుస్తోంది. దాన్ని ఆపించి, ఈ చీర నేయించి, అయ్యేదాకా ఆ మగ్గం పక్కనే కూర్చున్నారు. పెళ్లిరోజు పొద్దున ఏడింటికి చీర ఫంక్షన్‌హాలుకి చేరింది.

ఆ మధ్యలో నడిపన్న రెండో కూతురి తొట్టెల జరిగింది. ఇరవై ఒకటో రోజు. బిడ్డను ఉయ్యాల్లో వేసే వేళకి తండ్రి లేడు. పెద్దాయన తమ్ముడి చోట పీటల మీద కూర్చుని పేరు చెవిలో చెప్పారు. నడిపన్న తిరిగొచ్చాక ఆయన అన్నది ఒక్కటే. “ఏం పేరు పెట్టినమో అడగవా?” అంత కోపంగా పెద్దాయన మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. అయినా మర్నాడు ఎవరో ఆ సంగతి ఎత్తి నడిపన్నను ఎగతాళి చేయబోతే, వాణ్ణి గల్లా దగ్గర నిలబెట్టి తిట్టిందీ ఆయనే.

ఇక ఆ సోమవారం నుంచి శ్రావణం మొదటి శుక్రవారం దాకా ఇరవై ఐదు రోజులు.

మంగళవారం షట్టర్లు ఎత్తకముందే పెద్దాయన తమ్ముడికి విషయం చెప్పారు. ఒక పెద్ద బట్టల కంపెనీ మొత్తం బిల్డింగు అద్దెకు తీసుకుంటుంది. వాళ్ల పేరు, వాళ్ల మనుషులు. అన్నదమ్ములు ఇంట్లో కూర్చోవచ్చు. ముగ్గురి సంతకాలూ ఉండాలి. పెద్దాయన చెడ్డవారు కాదు. మెట్రో పనులకని రోడ్డుకి అడ్డంగా రేకులు కట్టిన దగ్గర్నుంచి బండి ఆపే చోటు లేక పాత గిరాకీ తగ్గింది. రోడ్డవతల కంప్యూటర్ కోర్సులకొచ్చిన పిల్లలు మా దగ్గర దుప్పటీ, తువాలు తప్ప ఏమీ కొనేవాళ్లు కాదు. ఆయన మోకాళ్లు అలా. ఎవరి పిల్లలకూ కొట్టు మీద మనసు లేదు. ఇవన్నీ చెప్పి ఆయన చివర్లో అన్న మాట నడిపన్న నాకు ఉన్నదున్నట్టు చెప్పారు. “నీకు ఇష్టం లేకుంటె వద్దను. నీ నోటితోని ఒక్కసారి వద్దను. గా కాగితం చింపేస్త, మల్ల గా ముచ్చటే ఎత్తను.”

అబద్ధమాడే మనిషి కాదు పెద్దాయన. చింపేస్తానన్నారంటే చింపేస్తారు. కాబట్టి లెక్క చాలా చిన్నది. ఒక్క మాట చెబితే దుకాణం ఉంటుంది, నలభై మూడు మంది పని ఉంటుంది. చెప్పకపోతే పోతుంది. ఆషాఢంలో మంచి కాగితాల మీద సంతకం పెట్టరు గనక ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి ఇరవై ఐదు రోజులు గడువు.

మొదటి వారం ఏమీ జరగలేదు. ఆషాఢం సేల్ బ్యానర్లు కట్టారు. నేను అంతస్తు అంతస్తూ తిరిగి లెక్క రాస్తుంటే సేల్స్‌మన్లు మాట్లాడుకునేది ఆపి నా చేతిలో పుస్తకం వైపు చూసేవాళ్లు. ఒకడు అడిగాడు, ఉగాది ఇంకోసారి వచ్చిందా టీచరమ్మా అని. లెక్క తప్పిపోతుంది, మాట్లాడించకు అన్నాను.

శుక్రవారం ఆ కంపెనీ నుంచి ఒకాయన మెడలో కార్డుతో వచ్చాడు. మొదటి అంతస్తు కొలవాలన్నాడు. పరుపులు తియ్యమన్నాడు. నడిపన్న లేచి స్వయంగా పరుపు మడిచారు. నేను పైకి వెళ్లేసరికి ఆయన గోడవార మోకాళ్ల మీద కూర్చుని టేపు కొస పట్టుకుని ఉన్నారు. అవతల కొస దగ్గర ఆ మనిషి అంకెలు చదువుతున్నాడు. అరవై రెండు అడుగులు. అతను దిగి వెళ్లాక నేను ఆగలేకపోయాను.

“ఏంటండీ బాబుగారూ, మీ నేల వాళ్లు కొలుస్తుంటే మీరు టేపు పట్టుకోవడమేంటి?”

“ఒక్కడే అచ్చిండు టీచరమ్మా. రెండో కొస ఎవరు పట్టాలె?”

సేల్స్‌మన్లు నవ్వారు. ఆయనా నవ్వారు. తర్వాత తెల్లగుడ్డ పరిచి, సాపు చేస్తూ చాలాసేపు ఉండిపోయారు.

బోనాల మర్నాడు, సోమవారం మధ్యాహ్నం మూడింటికి, ఆయన సెల్లార్‌లోకి దిగి వచ్చారు. కాసేపు దుప్పట్ల పేర్పులు చూశారు. అన్నకు వద్దని చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని అడిగారు. అరవై ఏళ్లు దాటిన మనిషి, రెండో ఎక్కం అప్పజెప్పడం రాని పిల్లాడిలా నిలబడ్డారు. నేను పెన్సిలు పక్కన పెట్టాను. బడిలో ఎక్కాలు రాని పిల్లలకు నేను చేసేది ఒకటే. గోడవైపు తిప్పి నిలబెట్టి, గొంతెత్తి ఏడుసార్లు చెప్పించడం. మనిషి మొహం కనిపించకపోతే భయం తగ్గుతుంది. దుప్పట్ల వైపు తిరిగి చెప్పమన్నాను.

“వద్దన్నా, ఏమనుకోకు,” అన్నారు దుప్పట్లతో.

“ఏమనుకోకు అక్కర్లేదు. తోక కోసేయండి.”

“వద్దన్నా. నీ ఇష్టం.”

“అదేంటండీ, వద్దని మళ్లీ నీ ఇష్టమంటే ఏం మిగిలింది?”

ఆ రోజు పదకొండుసార్లు చెప్పించాను. తోక లేకుండా వచ్చింది రెండుసార్లు. ఆ తర్వాత ఆదివారాలు మినహా ప్రతిరోజూ మూడింటికి వచ్చారు. శ్రావణం మొదటి గురువారం నాటికి వరసగా నలభైసార్లు తోక లేకుండా అన్నారు. గొంతు వణకలేదు. నేను డైరీలో ‘పాస్’ అని రాశాను. ఆ మాట ఇప్పటికీ అక్కడ ఉంది.

కానీ దుప్పట్లు వేరు, అన్న వేరు. అది నాకు తెలుసు. సంతకాలు కింద, గల్లా పక్కన పెద్దాయన అద్దాల గదిలో పెట్టాలని అనుకున్నారు. ఆ గదిలో నడిపన్న ఎప్పుడూ నిలబడే ఉండేవారు, కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. అక్కడ ఆయనకు నోరు పెగలదని నేను అంచనా వేశాను. సొంత పరుపు మీద, వెనక చీరల బీరువా ఉంటే ధైర్యంగా ఉంటారని లెక్క కట్టాను. గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చీరల లెక్క అన్నిటికంటే పెద్దది, మీరు ఒకసారి కంటితో చూసుకుంటే మంచిది, సంతకాలు కూడా పైనే కానివ్వండి అని చెప్పాను. ఆయన మోకాళ్ల వైపు చూసుకున్నారు. “సరె తియ్, ఎక్కుత,” అన్నారు.

శుక్రవారం రాహుకాలం పన్నెండింటికి వెళుతుంది. పంచాంగం ప్రకారం దుర్ముహూర్తం పన్నెండు ముప్పై ఎనిమిదికి మొదలు. మధ్యలో ఉన్నవి ముప్పై ఎనిమిది నిమిషాలు. ఆ లోపల అయిపోవాలి.

పెద్దాయన పదకొండూ యాభై రెండుకి మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. కింద నుంచి మొదటి అంతస్తుకి పంతొమ్మిది మెట్లు. ఏడో మెట్టు దగ్గర ఒకసారి, పదమూడో మెట్టు దగ్గర ఒకసారి ఆగారు. పన్నెండింటికి పైకి చేరారు. చొక్కా వీపు తడిసిపోయింది. పరుపు మీదికి వంగలేక స్టూలు వేయించుకుని కూర్చున్నారు. చిన్నాయన కాగితాలు పరుపు మీద పెట్టారు. కంపెనీ తరఫు వకీలు కింద గల్లా దగ్గర ఆగాడు. నలుగురు సేల్స్‌మన్లు అవతలి గోడ దగ్గర చీరలు సర్దుతున్నట్టు నిలబడ్డారు. నేను స్టాకు పుస్తకంతో బీరువా పక్కన నిలబడ్డాను.

పన్నెండూ ఆరుకి పెద్దాయన అడిగారు.

“చెప్పురా. నీ మనసుల ఏమున్నదో చెప్పు. నేనేం అనుకోను.”

నడిపన్న చెయ్యి తెల్లగుడ్డ మీద కదిలింది. ఒక అంచు నుంచి మరో అంచుకి. పెద్దాయన ఆ చెయ్యిని చూశారు. దాని అర్థం ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. చూసి, “చేతితోని కాదు. నోటితోని,” అన్నారు మెత్తగా.

నడిపన్న పెదవులు విడివడ్డాయి. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వరలక్ష్మీ వ్రతానికి చీర కోసం ఒకావిడ పైకి వచ్చింది. నిమ్మపండు రంగు, ఆకుపచ్చ అంచు, జరీ ఉండకూడదు, ఉందా అని నడిపన్ననే అడిగింది. నలుగురు సేల్స్‌మన్లున్నారు. ఎవరైనా చూపవచ్చు. కాని మా దుకాణంలో గిరాకీ ఎవరితో మొదట మాట్లాడితే వాళ్లే చూపాలి. ఆయన అన్నవైపు చూసి, ఐదు నిమిషాలన్నా అని లేచారు. “తెప్పిస్తం, కూసోండ్రి,” అన్నారు ఆవిడతో.

టైము పన్నెండూ తొమ్మిది. తెప్పించేది వచ్చేలోగా ఆవిడ ముప్పై నాలుగు చీరలు చూసింది. మళ్లీ వస్తానని చెప్పి పన్నెండూ ఇరవై రెండుకి దిగి వెళ్లింది. ఏమీ కొనలేదు. ఆయన తిరిగి రాలేదు. ఆ ముప్పై నాలుగు చీరలూ ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టారు. సేల్స్‌మన్ ఒకడు సాయానికి వెళితే చేత్తోనే ఆపారు. చిన్నాయన గడియారం చూశారు, తర్వాత నన్ను చూశారు. పెద్దాయన రెండు చేతులతో మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నారు. చీర మడతల చప్పుడు వినపడుతోంది. నేను మడతలు లెక్కపెట్టాను, వేరే పని లేక.

పన్నెండూ ముప్పై ఒకటికి పెద్దాయన, “నేను పెట్టి ఉంచుత. వాడు వద్దంటె చింపుదాం,” అని సంతకం చేశారు. చిన్నాయన ఆ తర్వాతి నిమిషంలో చేశారు. పన్నెండూ ముప్పై నాలుగుకి చివరి చీర బీరువాలో పెట్టి నడిపన్న వచ్చి కూర్చున్నారు.

“ఇప్పుడన్న చెప్పు,” అన్నారు పెద్దాయన. “ఇంక నాలుగు నిమిషాలున్నయి.”

నడిపన్న కాగితం వైపు చూడలేదు. అన్న కాళ్ల వైపు చూశారు. తర్వాత కాగితాన్ని అరచేత్తో ఒకసారి సాపు చేసి, పన్నెండూ ముప్పై ఆరుకి మూడో సంతకం పెట్టారు. పెద్దాయన కళ్లు మూసుకున్నారు. ఆయనకు సంతోషమైందని నేను అనుకోను. ఆ కాగితం చింపే అవకాశం తమ్ముడు ఇస్తాడేమోనని ఆయన కూడా ఎదురుచూశారని నాకు అప్పుడనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. రుజువు లేదు.

దీపావళికి ముందు వారం షట్టర్లు దించారు. ఆ తర్వాత నడిపన్న అమీర్‌పేట రోడ్డు మీదికి రాలేదు. యూసుఫ్‌గూడ రావాలన్నా చుట్టూ తిరిగి వచ్చేవారు. ఏడాదికి రెండుసార్లు నేనే పంజాగుట్టలో వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆయన మాట్లాడేది తక్కువ. మంచినీళ్లు తెప్పించేవారు, నా చీర చూసి ఎక్కడ కొన్నానో చెప్పేవారు. తప్పేవారు కాదు. నాలుగో ఏడాది నేను ఉండబట్టలేక అడిగాను. నలభైసార్లు తప్పులేకుండా అప్పజెప్పారు కదా, ఆ రోజు ఏమైంది అని.

“మాట నోట్లనే ఉన్నది టీచరమ్మా,” అన్నారు. “గామె అచ్చినందుకు కాదు. అన్న పంతొమ్మిది మెట్లెక్కి అచ్చిండు. ఎట్ల దిగుమనాలె?”

మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపి ఆయనే, “గదే కిందనైతే అంటుంటి,” అన్నారు. ఎవరినీ తప్పుపడుతున్నట్టు అనలేదు. పెద్దాయన్ని పైకి ఎక్కించింది ఎవరో ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. చెప్పనూ లేదు. ఆ గురువారం సాయంత్రం నాలుగూ నలభై దగ్గర డైరీలో నేను వేసుకున్న చిన్న టిక్కు ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు.

పోయినవి ఇవి. నలభై మూడు మంది పని. ఏడాది తర్వాత కనుక్కుంటే పంతొమ్మిది మందికి వేరే కొట్లలో దొరికింది, ఎనిమిది మంది ఊళ్లకు వెళ్లిపోయారు, పదహారు మంది జాడ తెలియలేదు. ఆయన ఒక్కరికే చీరలు పంపే పదిహేడు ఇళ్లు. పదకొండు ఇళ్లలో మగ్గాలు దింపేశారు. తెప్పించిన చీరల నోటుబుక్కులు ఆరు. పాత కాగితాలతో పాటు తూకానికి వెళ్లాయి. పరుపులు నాలుగు. దుకాణం పేరు. ఆ తర్వాత ఆయన బతికిన సంవత్సరాలు ఎనిమిది.

ముగ్గురన్నదమ్ములకీ పంజాగుట్ట ఇంటి నుంచి రోజూ ఒకటే క్యారేజీ వచ్చేది, కలిసి తినేవాళ్లు. ఆ శుక్రవారం కూడా రెండింటికి వచ్చింది. ఎవరూ విప్పలేదు. ఐదింటికి బరువు తగ్గకుండా అలాగే వెనక్కి పంపాను. శనివారం నుంచి మూడు వచ్చాయి.